చెక్క మీద గీత, గుండెల్లో కోత

లక్షలు పోసి వేయించుకున్న కొత్త చెక్క ఫ్లోరింగ్ మీద తొలి గీత నేడో రేపో పడి తీరుతుంది. అది ఎందుకు పడుతుందో, ఎలా పోతుందో, ఎవరి ఖాతాలో రాయాలో ముందే తెలుసుకుంటే సగం రభస తప్పుతుంది.

ముహూర్తం గురువారం తెల్లవారుజామున 4.20కి. పడగ్గదుల్లో చెక్క ఫ్లోరింగ్‌కు ఆఖరి పాలిష్ పడింది సోమవారం సాయంత్రం. మంగళవారం ఏసీలు బిగించేవాళ్లు వచ్చి నిచ్చెనలు వేశారు. బుధవారం బీరువా, డబుల్‌కాట్ మంచం, ఫ్రిజ్ పైకెక్కాయి. గురువారం పాలు పొంగాయి, ఇటుకల మధ్య హోమం రగిలింది, పీటలు వేశారు, కొబ్బరికాయలు పగిలాయి, భోజనాల వాళ్ల స్టీలు గంగాళాలు నేల మీద జారుకుంటూ ఇటు నుంచి అటు వెళ్లాయి. బంధువులంతా తాంబూలాలు తీసుకుని వెళ్లిపోయాక, సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు అసలు సంగతి బయటపడింది. తలుపు దగ్గర నుంచి బీరువా దాకా బారెడు పొడవున తెల్లటి గీత. పక్కనే రూపాయి బిళ్లంత సొట్ట.

హైదరాబాద్ శివార్లలోని కోకాపేట నుంచి విశాఖపట్నంలోని మధురవాడ దాకా కొత్త ఫ్లాట్లలో దిగిన కుటుంబాలకు ఈ వారం రోజుల కథ తెలియనిది కాదు. వారాలూ ముహూర్తాలూ మారతాయేమో కానీ ఆ తర్వాత జరిగేది మారదు. ఇంటాయన కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తాడు. అది సామాన్లు చేరవేసినవాళ్ల పని అంటాడు కాంట్రాక్టర్. మేం వచ్చేసరికే ఉందంటారు సామాన్లవాళ్లు. వారంటీ కాగితం చూసుకోమంటాడు బిల్డర్. ఆ కాగితంలో గీతల ఊసు ఉంటే గింటే, అవి తమ పూచీ కాదని చెప్పడానికే ఉంటుంది.

నాపరాయి నుంచి టేకు దాకా

తెలుగు ఇంటి నేలకు గీత అనేది నిన్నమొన్నటి దాకా సమస్యే కాదు. తాండూరు బండ మీద రుబ్బురోలు లాగినా, బేతంచర్ల నాపరాయి మీద గునపం పడినా ఇల్లాలు ఒకసారి చూసి తన పని తాను చేసుకునేది. తర్వాత మొజాయిక్ వచ్చింది, పాలరాయి వచ్చింది, విట్రిఫైడ్ టైల్స్ వచ్చాయి. ఇవన్నీ రాతి జాతికి చెందినవే. బకెట్ నీళ్లు కుమ్మరించి కడిగినా, ఫినాయిల్ వేసి తడిగుడ్డ పెట్టినా ఓర్చుకునేవే. ఎండలు మండే ప్రాంతంలో పాదాలకు చల్లగా తగిలే నేల మనకు అలవాటు మాత్రమే కాదు, అవసరం కూడా. చెక్క మనకు దూలాల్లో, ద్వారబంధాల్లో, పందిరి మంచాల్లో ఉండేది కానీ కాళ్ల కింద ఉండేది కాదు.

ఆ పరిస్థితి గత రెండు దశాబ్దాల్లో మారింది. అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చినవాళ్లు అక్కడి ఇళ్లలోని చెక్క నేలను ఇక్కడా కోరుకున్నారు. ఏసీ గదుల్లో రాయి మరీ చల్లబడి పాదాలు జివ్వుమంటాయి. చెక్క వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది కాబట్టి పాదానికి గోరువెచ్చగా తోస్తుంది. బిల్డర్లకూ ఇది కలిసొచ్చింది. ఖరీదైన ప్రాజెక్టుల బ్రోషర్లలో హాలుకు పాలరాయి లేదా టైల్స్, మాస్టర్ బెడ్‌రూమ్‌కు 'వుడెన్ ఫ్లోరింగ్' అన్న వాక్యం మామూలైపోయింది.

చిక్కంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. ఒకే పేరుతో మార్కెట్లో కనీసం నాలుగు రకాల సరుకు అమ్ముడవుతోంది. మొదటిది సాలిడ్ వుడ్. పైనుంచి కింది దాకా ఒకే కలప, సాధారణంగా 18 నుంచి 19 మిల్లీమీటర్ల మందం. రెండోది ఇంజనీర్డ్ వుడ్. కింద ప్లైవుడ్ లాంటి పొరలుంటాయి, పైన మాత్రం 2 నుంచి 6 మిల్లీమీటర్ల అసలు కలప ఉంటుంది. మూడోది లామినేట్. ఇందులో నొక్కిపెట్టిన చెక్కపొట్టు పలక మీద చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం, దాని మీద మెలమైన్ రెసిన్ పొర ఉంటాయి. కంటికి కనిపించే ఆ టేకు చార ఫొటో మాత్రమే. నాలుగోది వినైల్ లేదా ఎస్‌పీసీ. అది ప్లాస్టిక్, రాతిపొడి కలిపి చేసిన పలక. అందులో చెక్క అన్నదే లేదు.

గీత పడేదాకా ఈ నాలుగూ ఒకేలా మెరుస్తాయి. పడ్డాక దేని దారి దానిదే. ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియకుండా చేసే ఏ వైద్యమైనా గుడ్డి వైద్యమే.

గీత వేరు, సొట్ట వేరు

రెండూ నేలకు తగిలిన దెబ్బలే అయినా వాటి స్వభావం వేరు. ఒకదానికి కారణం గరుకుదనం, రెండోదానికి బరువు.

గీతకు మొదటి ముద్దాయి ఇసుక. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ ఖనిజం గట్టిదనం మోహ్స్ కొలమానంలో 7. ఏ పాలిష్ పొరా, ఏ కలపా దాని దరిదాపుల్లోకి రావు. చెప్పుల కింద, కుర్చీ కాళ్ల కింద చిక్కిన ఒక్కో ఇసుక రేణువూ ఒక్కో ఉలి. గుమ్మం ముందు రాతిపొడితో వేసిన ముగ్గు కూడా పాదాలకు అంటుకుని లోపలికి వస్తే ఇదే పని చేస్తుంది. చెప్పులు బయటే విడిచే మన అలవాటు ఈ విషయంలో పెద్ద రక్ష. పాశ్చాత్య దేశాల ఫ్లోరింగ్ కంపెనీలు కొనుగోలుదారులను బతిమాలుకుని చెప్పే జాగ్రత్త మనకు పుట్టుకతో వచ్చిందే.

ఫ్యాక్టరీలో పాలిష్ అయి వచ్చే పలకల మీద అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలిపిన పొర ఉంటుంది. దాని గట్టిదనం మోహ్స్ కొలమానంలో 9. అందుకే అవి ఇసుక గీతలను బాగా తట్టుకుంటాయి. ఇంట్లోనే వేసే పీయూ లేదా మెలమైన్ పాలిష్‌కు అంత బలం ఉండదు. అయితే ఫ్యాక్టరీ పొర ఎంత గట్టిదైనా అది తల వెంట్రుకంత మందమే. పైనుంచి ప్రెషర్ కుక్కర్ పడితే ఆ పొర కింద ఉన్న కలప నలుగుతుంది, పొర దానితోపాటే కిందికి కుంగుతుంది. గీతను ఆపే కవచం సొట్టను ఆపలేదు.

సొట్టను తట్టుకునే శక్తి కలప జాతిని బట్టి ఉంటుంది. దాన్ని కొలవడానికి ఆస్ట్రియాలో పుట్టిన గాబ్రియెల్ జాంకా 1906లో ఒక పరీక్ష రూపొందించాడు. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గుండును సగం దాకా కలపలోకి దించడానికి ఎంత బలం కావాలో అందులో చూస్తారు. ఆ వ్యాసం విచిత్రంగా అనిపించినా దానికి లెక్క ఉంది. అంతటి గుండు దిగినచోట అడ్డుకోత వైశాల్యం సరిగ్గా ఒక చదరపు సెంటీమీటర్. ఈ పరీక్షలో అమెరికా రెడ్ ఓక్‌కు 1,290 పౌండ్ల బలం కావాలి. హార్డ్ మేపుల్‌కు 1,450, హికరీకి 1,820. బ్లాక్ వాల్‌నట్‌కు 1,010 చాలు.

మరి మన టేకు? దాదాపు 1,070. టేకు అంటే ఇనుమని నమ్మే మనకు ఇది మింగుడుపడని అంకె. కానీ టేకు గొప్పతనం గట్టిదనంలో లేదు. అందులోని సహజ తైలాలు చెదలనూ కుళ్లునూ దగ్గరకు రానివ్వవు. తేమ మారినా అది పెద్దగా ఉబ్బదు, పెద్దగా కుంచించుకుపోదు. పడవలకూ ద్వారబంధాలకూ అది మేటి కావడానికి కారణం అదే. గట్టిదనం మాటకొస్తే మన అడవుల్లోని నల్లమద్ది, తుమ్మ దాన్ని మించినవి. టేకు ఫ్లోరింగ్‌కు సొట్ట పడదని అమ్మకందారు చెబితే, అతనికి తెలియకపోయి ఉండాలి, లేదా కొనేవారికి తెలియదని అనుకుని ఉండాలి.

బరువు ఎంతన్నదాని కన్నా అది ఎంత చోటులో ఆనుతుందన్నది ముఖ్యం. నాలుగు టన్నుల ఏనుగు నిలబడితే దాని వెడల్పాటి పాదాల కింద చదరపు సెంటీమీటర్‌కు ఒక కిలో ఒత్తిడి కూడా పడదు. 50 కిలోల మనిషి చదరపు సెంటీమీటర్ వైశాల్యమున్న హై హీల్ మీద బరువంతా మోపితే అదే చోట 50 కిలోలు పడుతుంది. ఆ హీల్ అడుగున రబ్బరు ఊడిపోయి రెండున్నర మిల్లీమీటర్ల మేకు బయటపడిందంటే ఒత్తిడి చదరపు సెంటీమీటర్‌కు వెయ్యి కిలోలు దాటుతుంది. ఆ ఒత్తిడికి టేకైనా ఓకైనా లొంగాల్సిందే. బీరువా కాళ్లు, గ్యాస్ సిలిండర్ అంచు, బొమ్మల కొలువు కోసం లాగే ఇనుప మెట్లు, పూజ గదిలో జారిపడే ఇత్తడి కుందె, అన్నీ ఈ లెక్కకు లోబడినవే. 2020 తర్వాత ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లు పెరగడంతో మరో శత్రువు చేరింది. ఆఫీసు కుర్చీ కింది గట్టి నైలాన్ చక్రాలు కార్పెట్ కోసం చేసినవి. అవి చెక్క మీద రోజుకు వంద సార్లు తిరిగితే ఆరు నెలల్లో కుర్చీ ఉన్నచోట నేల పాలిపోతుంది. గట్టి నేలల కోసం మెత్తటి అంచున్న చక్రాలు వేరే దొరుకుతాయి.

మొదటి నెలే గండం

కొత్త నేల ఎంత కొత్తదైతే అంత సున్నితం. ఈ విషయం తెలియకే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఇంట్లో వేసిన పీయూ పాలిష్ కొన్ని గంటల్లో చేతికి అంటకుండా ఆరిపోతుంది కానీ, పూర్తిగా గట్టిపడటానికి నీటి ఆధారిత పాలిష్‌కు వారం పైన, నూనె ఆధారిత పాలిష్‌కు నెల దాకా పడుతుంది. ఆ లోపు తివాచీ పరిచినా ముద్ర పడవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన గృహప్రవేశాలు జరుగుతాయి. ముహూర్తం ముందే కుదురుతుంది, పనులు వెనకబడతాయి, ఆఖరున జరగాల్సిన ఫ్లోరింగ్ పెయింటర్లతోనూ ఎలక్ట్రీషియన్లతోనూ కలిసి జరుగుతుంది.

తేమ రెండో గండం. చెక్క ఎండిపోయాక కూడా గాలిలోని తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలోని నీటి శాతం 6 దగ్గర, 80 శాతం ఉంటే 16 దగ్గర స్థిరపడుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నానికీ ఆగస్టు ఉదయానికీ ఉన్న తేడా ఇంచుమించు అంత. పలక పొడవునా సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే వేసవిలో పలకల మధ్య సన్నటి సందులు, వానాకాలంలో అంచులు పైకి లేచిన పలకలు కనిపిస్తాయి. లేచిన అంచు ముందుగా గీరుకుపోతుంది. పలకలను గదిలో కొన్ని రోజులు ఉంచి అక్కడి గాలికి అలవాటు పడనివ్వడం, కింద కాంక్రీటు పూర్తిగా ఆరిందో లేదో మీటర్‌తో చూడటం, గోడల అంచున సందు వదలడం మంచి పనివాడి లక్షణాలు. ఇవి చేయకుండా వేసిన నేల పాడైతే ఆ తప్పు వాడుకున్నవాళ్లది కాదు.

ఇస్త్రీపెట్టె వైద్యం

దెబ్బ తగిలాక ఏం చేయాలి? ముందు రోగనిర్ధారణ. గీత మీద చుక్క నీళ్లు వేసి చూడాలి. నీటిచుక్క అలాగే నిలబడితే పాలిష్ పొర మాత్రమే గీరుకుంది. అక్కడ రంగు వెంటనే ముదిరితే పొర తెగి కలప బయటపడింది. ఆ తర్వాత గీతకు అడ్డంగా గోరు జరపాలి. గోరు తట్టుకుంటే అది గీత కాదు, గాటు.

పొర మీది సన్న గీతలకు నేలను మొత్తం చెక్కాల్సిన పని లేదు. పాత పాలిష్‌ను సన్నగా రుద్ది పైన మరో కోటింగ్ వేస్తే సరిపోతుంది. గదికి ఒకట్రెండు రోజుల పని. కలప దాకా దిగిన గీతను రంగు మార్కర్‌తోనో మైనపు కడ్డీతోనో పూడుస్తారు. లోతు గాటుకు రంగు కలిపిన వుడ్ ఫిల్లర్ పెడతారు, లేదంటే ఆ పలకనే మారుస్తారు.

సొట్టకు మాత్రం మన ఇంట్లోనే మందు ఉంది. సొట్ట పడినచోట కలప ఎక్కడికీ పోదు. గొట్టాల్లాంటి కణాలు నలిగి అణిగి ఉంటాయంతే. వాటికి నీరూ వేడీ అందితే మళ్లీ ఉబ్బుతాయి. సొట్టలో కాసిని నీళ్లు వేసి, తడిపి పిండిన నూలు గుడ్డ పైన పరిచి, వేడి ఇస్త్రీపెట్టె కొసను కొద్ది క్షణాలు ఆనించి తీయాలి. ఆరాక చూసి, అవసరమైతే మళ్లీ చేయాలి. వడ్రంగులకు ఇది తరతరాలుగా తెలిసిన చిట్కా. అయితే ఇది పనిచేసేది పాలిష్ లేని కలప మీద, నూనె పట్టించిన కలప మీద. పీయూ పొర ఉంటే ఆవిరి లోపలికి పోదు, పైగా పొర తెల్లబడి కొత్త మచ్చ మిగులుతుంది. లామినేట్ మీద చేస్తే పలక ఉబ్బి పనికిరాకుండా పోతుంది. కోసుకుపోయిన గీతకు కూడా ఇది పనిచేయదు. లేని కలపను ఆవిరి తెచ్చిపెట్టలేదు.

ఇంటింటా తిరిగే చిట్కాల్లో అక్రోటు పప్పు రుద్దడం ఒకటి. సన్న గీతలో ఆ నూనె ఇంకి రంగు ముదరడం వల్ల గీత కొన్నాళ్లు కనపడదు. అంతకు మించి ఆశించకూడదు. టూత్‌పేస్టులో రాపిడి పదార్థం ఉంటుంది, అది ఉన్న మెరుపును కూడా పోగొడుతుంది. ఆలివ్ నూనె, కొబ్బరినూనె, సిలికాన్ కలిసిన మెరుపు ద్రావకాలు ఇంకో చెడు చేస్తాయి. రేపు నిజంగా కోటింగ్ వేయించాల్సి వచ్చినప్పుడు ఆ జిడ్డు మీద కొత్త పొర పట్టదు.

చివరి అస్త్రం మెషిన్‌తో నేలంతా చెక్కి కొత్తగా పాలిష్ చేయడం. ఒక్కోసారి అర మిల్లీమీటర్ నుంచి మిల్లీమీటర్ దాకా కలప పోతుంది. సాలిడ్ వుడ్ దీన్ని అనేకసార్లు భరిస్తుంది. పైపొర 2 మిల్లీమీటర్లే ఉన్న ఇంజనీర్డ్ పలక ఒకసారి భరిస్తే గొప్ప. లామినేట్‌ను చెక్కితే ఫొటో చిరిగి కింద పొట్టు బయటపడుతుంది. అందుకే దానికి మిగిలేది పలక మార్చడమే. ఆ పలక కూడా గది మధ్యలో ఉంటే గోడ దగ్గర నుంచి వరసగా ఊడదీసుకుంటూ రావాలి.

ఇంకో మెలిక ఉంది. కలప వెలుతురుకు రంగు మారుతుంది. చెర్రీ ముదురుతుంది, వాల్‌నట్ లేతబడుతుంది. ఏడాది తర్వాత మార్చిన పలక కొన్ని నెలల పాటు కొత్త చొక్కాకు వేసిన పాత మాసికలా వేరుగా కనిపిస్తుంది. ఆ డిజైన్ మార్కెట్లోంచి మాయమైతే అదీ దొరకదు. వేయించేటప్పుడే ఒకట్రెండు పెట్టెలు అదనంగా కొని అటక మీద దాచుకోవడం అందుకే తెలివైన పని.

25 ఏళ్ల వారంటీ మర్మం

'25 ఏళ్ల వారంటీ' అన్న ముద్ర చూసి కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆ వారంటీ సాధారణంగా రక్షణ పొర మొత్తంగా అరిగిపోకుండా ఉండటానికి సంబంధించినది. గీతలు, సొట్టలు, హీల్ గుర్తులు, పెంపుడు జంతువుల గోళ్లు, నీటి నష్టం మినహాయింపుల జాబితాలో ఉంటాయి. కంటికి కనిపించే లోపం ఉన్న పలకను బిగించేస్తే దాన్ని అంగీకరించినట్టేనన్న షరతు కూడా చాలా కంపెనీలు పెడతాయి. అంటే పలకలు పెట్టెలో ఉన్నప్పుడే చూడాలి, బిగించాక కాదు.

అలాగని కొనుగోలుదారు నిరాయుధుడేమీ కాదు. ఫ్లాట్ బిల్డర్ నుంచి కొన్నదైతే 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, అండగా ఉంది. స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి కొనుగోలుదారు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు ఖర్చు లేకుండా బిల్డరే సరిచేయాలని ఆ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. పైకి లేచిన పలకలు, ఊడివస్తున్న పాలిష్, తాళాలు అందుకున్న రోజుకే ఉన్న గాట్లు ఈ కోవలోకి వస్తాయని వాదించవచ్చు. దిగాక బీరువా లాగితే పడిన గీత రాదు. రెండింటికీ తేడా చూపగలిగేది తాళాలు తీసుకున్న రోజు తేదీతో సహా తీసిన ఫొటోలు, సంతకం చేసిన లోపాల జాబితా. బ్రోషర్‌లో చెక్క అని చెప్పి ఫొటో కాగితం పరిచారా అన్నది తేలేది కూడా ఒప్పందంలో రాసిన రకం, మందం వివరాల వల్లే.

సొంతంగా కాంట్రాక్టర్‌ను పెట్టుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. వస్తువులో లోపమూ సేవలో లోపమూ రెండూ దాని పరిధిలోవే. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. ఫిర్యాదుదారు తానున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. అంతకు ముందు మెట్టుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు. ఇవన్నీ సాగాలంటే బిల్లు ఉండాలి. పన్ను మిగులుతుందని బిల్లు లేకుండా చేయించుకున్న పనికి సాక్ష్యం కూడా మిగలదు.

ఎంతటి లోపాన్ని లోపమనాలన్నదానికీ ఒక పద్ధతి ఉంది. అమెరికాలోని వుడ్ ఫ్లోరింగ్ సంఘం మార్గదర్శకాల ప్రకారం నేలను నిలబడి, మామూలు వెలుతురులో చూడాలి. మోకాళ్ల మీద వంగి టార్చి లైటు వేసి వెతికితే ప్రపంచంలో ఏ నేలా పాసవ్వదు. దీన్ని గుర్తుంచుకుంటే కాంట్రాక్టర్‌తో సగం తగాదాలు మొదలే కావు.

సముద్రం దాటినా అదే గీత

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్, న్యూజెర్సీలోని ఎడిసన్ లాంటి చోట్ల అద్దెకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ గీత మరో రకంగా ఖర్చు పెట్టిస్తుంది. ఇల్లు ఖాళీ చేశాక నేల పాడైందంటూ యజమాని డిపాజిట్‌లో కోత పెడతాడు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డిపాజిట్ మినహాయించుకోరాదని టెక్సాస్ చట్టం స్పష్టంగా చెబుతోంది. 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, లేదా కోతల వివరాలివ్వాలి. కాలిఫోర్నియాలో ఆ గడువు 21 రోజులు. అక్కడ 2025 నుంచి యజమాని ఇంటి ఫొటోలు తీసి ఉంచడం కూడా తప్పనిసరైంది.

అరుగుదలకూ నష్టానికీ గీత ఎక్కడ గీయాలి? అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ తన సాయంతో నడిచే ఇళ్ల కోసం ఇచ్చిన ఉదాహరణలు ఉపయోగపడతాయి. మళ్లీ వార్నిష్ వేయాల్సి వచ్చిన నేల మామూలు అరుగుదల. పెచ్చులూడిన, గాట్లు పడిన నేల అద్దెదారు చేసిన నష్టం. అక్కడి కోర్టులన్నింటినీ అది కట్టిపడేయదు కానీ, మాట్లాడటానికి ఒక ఆధారం ఇస్తుంది. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ అద్దె ఒప్పందాల్లో ఇలాంటి ఒక వాక్యం ముందే రాసుకుంటే ఖాళీ చేసే రోజు మొహమాటాలుండవు.

గీతకు అడవి కట్టే మూల్యం

ఈ వ్యవహారానికి ఇంటి గోడలు దాటిన కోణం ఒకటుంది. మలబార్ కలెక్టర్ కొనొలీ చొరవతో 1840 దశకంలో కేరళలోని నిలంబూరులో టేకు తోటల పెంపకం మొదలైంది. అప్పటికే సహజ టేకు తరిగిపోతోందన్న బెంగ ఉంది. 1996 డిసెంబర్‌లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో దేశంలోని అడవుల్లో నరికివేతకు గట్టి కళ్లెం పడింది. దిగుమతుల మీద ఆధారం పెరిగింది. అందరూ మోజుపడే బర్మా టేకు దుంగల ఎగుమతిని మియన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. సైనిక తిరుగుబాటు తర్వాత 2021లో అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరప్ ఆంక్షలు పెట్టాయి. ఇప్పుడు మన మార్కెట్లోకి వచ్చే టేకులో చాలా భాగం ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటలది.

అంత దూరం నుంచి, దశాబ్దాలు పెరిగిన చెట్టు నుంచి వచ్చిన పలకను ఒక్క గీత కోసం ఊడబెరికి పారేయడం ఏ లెక్కనా సబబు కాదు. బాగుచేయగలగడమే అసలు కలపకున్న పెద్ద సుగుణం. గీత పడితే రుద్దవచ్చు, సొట్ట పడితే లేపవచ్చు, ముసలిదైతే చెక్కి మళ్లీ కొత్తది చేయవచ్చు. ఆ ఓపిక లేనివాళ్లకు, రోజూ బకెట్ నీళ్లతో నేల కడగందే మనసొప్పనివాళ్లకు తాండూరు బండలోనో టైల్స్‌లోనో తప్పేమీ లేదు. చెక్క కావాలనుకున్నవాళ్లు మాత్రం కొనేముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

కొనేముందు, కొన్నాక

* బిల్లు మీద సాలిడ్, ఇంజనీర్డ్, లామినేట్ అన్న మాట, మొత్తం మందం, పైపొర మందం రాయించుకోండి.
* అద్దంలా మెరిసే ముదురు రంగు నేల మీద ప్రతి గీతా కనిపిస్తుంది. మెరుపు తక్కువ, మధ్యస్థ రంగు, చారలు బాగా కనిపించే కలప గీతలను దాచుకుంటాయి.
* ఫ్లోరింగ్‌ను ఆఖరి పనిగా పెట్టుకోండి. ముహూర్తానికీ పాలిష్‌కూ మధ్య వీలైనంత వ్యవధి ఉంచండి. హోమం, భోజనాలు టైల్స్ ఉన్న గదిలోనో కింద సెల్లార్‌లోనో పెట్టుకోండి.
* సామాన్లు దించే రోజు మందపాటి అట్టలు పరచండి. బరువులు ఎత్తించండి, లాగనివ్వకండి.
* కుర్చీలు, మంచాల కాళ్లకు ఫెల్ట్ బిళ్లలు అంటించండి. వాటిలో ఇసుక ఇరుక్కుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ మార్చండి.
* గుమ్మానికి బయటొకటి, లోపలొకటి పట్టాలు వేయండి. రోజూ మెత్తటి చీపురుతో ఊడ్వండి. గుడ్డను గట్టిగా పిండి తుడవండి, ఫినాయిల్ నీళ్లు వద్దు.
* మిగిలిన పలకలను, పాలిష్ డబ్బా మీది పేరును దాచుకోండి.

ఇన్ని చేసినా గీత పడుతుంది. ఆ రోజు ముందు చేయాల్సింది పిల్లల మీదో పనిమనిషి మీదో కేకలేయడం కాదు. ఒక చుక్క నీళ్లు వేసి, అది నిలబడుతుందో ఇంకుతుందో చూడటం.